ముసలి గుర్రం పోయాక

గుర్రాన్ని సాగనంపిన ఇంట్లో ఏడుపు కాస్త సద్దుమణిగాక రెండు ప్రశ్నలు మిగులుతాయి. తొందరపడ్డామా? ఆలస్యం చేశామా? డాక్టరు చేత సూది వేయించినవాళ్లను మొదటిది తినేస్తుంది. ఆ పని చేయించలేక చివరిదాకా చూస్తూ కూర్చున్నవాళ్లను రెండోది తినేస్తుంది. కొందరికి రెండూ ఒకేసారి మొదలై రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వవు. కాలమే మాన్పుతుందని చెప్పి వెళ్లిపోయేవాళ్లు ఈ ప్రశ్నల జోలికి రారు. గుర్రం శరీరం ఎలా ముసలిదవుతుందో, చివరి రోజుల్లో లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఈ ప్రశ్నల పదును చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం. అందుకే ఓదార్పు మాటలకన్నా ముందు పళ్లు, కీళ్లు, పేగుల గురించి చెప్పాలి.

అంతకంటే ముందు ఆ బంధం ఎన్నేళ్లదో చూడండి. కుక్క అయితే పన్నెండు, పదమూడేళ్లు మనతో ఉంటుంది. బాగా చూసుకున్న గుర్రం 25 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. ఇరవై దాటితే ముసలిదని లెక్క. ఇంగ్లండులో కాలువ పడవలు లాగిన ఓల్డ్ బిల్లీ అనే గుర్రం 1760లో పుట్టి 1822లో పోయింది. అది అపురూపమైన సంగతి. మామూలు లెక్కలో చూసినా, ఇంట్లో ఆడపిల్ల పుట్టిన ఏడాది వచ్చిన గుర్రప్పిల్ల ఆ అమ్మాయి పెళ్లి దాకా ఆ ఇంట్లోనే ఉండవచ్చు. అలెగ్జాండరు గుర్రం బ్యూసెఫలస్ క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున పోరస్‌తో యుద్ధం అయ్యాక చనిపోయింది. గాయాలతో పోయిందని చాలామంది అన్నారు. ముప్ఫై ఏళ్ల వయసులో, ముసలితనంతో, అలసటతో పోయిందని ఒనెసిక్రిటస్ చెప్పినట్టు ప్లూటార్క్ రాశాడు. అలెగ్జాండరు ప్రాణస్నేహితుడు పోయినట్టే బాధపడి ఆ నది ఒడ్డున దాని పేరుతో ఒక పట్టణమే కట్టించాడట.

మన దగ్గర జట్కాలు దాదాపు పోయాయి. ఇప్పుడు కనిపించేవి పెళ్లి బారాత్‌ల గుర్రాలు, విశాఖ బీచ్‌లో పిల్లల్ని తిప్పేవి, మలక్‌పేట రేసుల్లో పరుగెత్తేవి, పోలీసు దళాల్లో ఉండేవి, ఎవరో ముచ్చటపడి ఫామ్‌హౌసులో పెంచుకునేవి. ఎవరి గుర్రమైనా సరే, దాణా పెట్టి, మాలీసు చేసి, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీసిన మనిషికే అది ఎక్కువ దగ్గరవుతుంది. కాగితాల మీద యజమాని ఇంకెవరైనా కావచ్చు.

ఇక శరీరం సంగతి. గుర్రం దవడ పళ్లు చిగురులోంచి జీవితాంతం పైకి వస్తూనే ఉంటాయి, ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున. గరుకు గడ్డి వాటిని దాదాపు అంతే వేగంతో అరగదీస్తుంది. పంటిలో ఉన్న నిల్వ అంతా చిన్నతనంలో వచ్చిందే. పాతికేళ్లు దగ్గరపడేసరికి అది అడుగంటుతుంది. పళ్లు నున్నబడతాయి, కదులుతాయి, ఊడతాయి. అప్పుడు తొట్టి కింద ఒక గుర్తు కనిపిస్తుంది. నమిలి నమిలి మింగలేక వదిలేసిన గడ్డి చుట్టలు తడితడిగా, బొటనవేలంత లావున పడి ఉంటాయి. గడ్డి నచ్చలేదేమో అనుకుని మార్చి చూస్తారు. గుర్రానికి ఆకలి ఉంది, నమిలే సాధనమే లేదు. ఉలవలు మెత్తగా ఉడికించి, తవుడు జావలా కలిపి, డాక్టరు చెప్పిన పాళ్లలో పెడితే మరికొంత కాలం నెట్టుకొస్తుంది. ఆ చాకిరీ రోజూ చేసినవాళ్లే గుర్రం చిక్కిపోతుంటే తమ చేతిలో ఏదో లోపం ఉందనుకుంటారు. కళ్ల పైన గుంటలు పడటం, నడుము దిగబడటం, వెన్నుపూస పైకి తేలడం పెట్టే చేతి లోపం కాదు. అది వయసు పని.

నిద్ర సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. గుర్రం నిలబడే నిద్రపోతుందని చిన్నప్పుడే విన్నాం. కాళ్లలోని ప్రత్యేకమైన అమరిక కీళ్లను బిగించి పట్టుకుంటుంది కాబట్టి పెద్దగా శ్రమ లేకుండా కునుకు తీస్తుంది. కానీ కలలు వచ్చే దశ నిద్రలో ఒంట్లోని కండరాలన్నీ సడలిపోతాయి. ఆ నిద్ర నిలబడి రాదు. దానికోసం రోజుకు ఓ అరగంటయినా పడుకోవాలి. కీళ్లు అరిగిన ముసలి గుర్రానికి పడుకోవడమూ నొప్పే, లేవడమూ నొప్పే. అందుకని పడుకోవడం మానేస్తుంది. అలా రోజుల తరబడి గడిచాక నిలబడ్డచోటే తల వాలి, ముందుకాళ్లు మడతపడి కూలబోయి, ఉలిక్కిపడి లేస్తుంది. ముందు మోకాళ్ల మీదా, గిట్టకు పైనున్న కీలు మీదా ఎప్పుడూ మానని గీరుడు దెబ్బలు కనిపిస్తే అనుమానించాల్సింది ఇదే. బయటికి అది ప్రశాంతంగా నిలబడి ఉన్న గుర్రం. లోపల నిద్రకు వాచిపోయిన ప్రాణి.

ఒకరోజు అది పడుకుంటుంది, లేవలేదు. ఇక్కడే చాలామందికి ఆశ పుడుతుంది. కాస్త విశ్రాంతి తీసుకుంటే లేస్తుందిలే అనుకుంటారు. నాలుగైదు వందల కిలోల శరీరం గంటల తరబడి ఒకే పక్క మీద పడి ఉంటే ఆ బరువే కిందనున్న కండరాలనూ నరాలనూ నలిపేస్తుంది. రక్తప్రసరణ ఆగిన కండరం చచ్చుబడుతుంది. పొద్దున లేవలేని గుర్రానికి మధ్యాహ్నానికి ఇంకాస్త కష్టమవుతుంది. నలుగురు కలిసి తాళ్లు వేసి లేపినా మళ్లీ మళ్లీ పడిపోతుంటే, విశ్రాంతి ఇక మందు కాదని అర్థం.

కడుపునొప్పి ఇంకో దారి. గుర్రాలకు వచ్చే ఈ నొప్పిని డాక్టర్లు కోలిక్ అంటారు. గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది ముందుకే సాగాలి. పేగు చాలా పొడుగు, మలుపులు ఎక్కువ. ముసలి గుర్రాల్లో అదనంగా ఇంకో ప్రమాదం ఉంది. పేగుల్ని పట్టి ఉంచే పొరలో కొవ్వు గడ్డలు పెరుగుతాయి. కొన్ని సన్నని కాడతో వేలాడుతుంటాయి. ఒకనాడు ఆ కాడ పేగు చుట్టూ చుట్టుకుని బిగుసుకుపోతుంది. నిన్న సాయంత్రం శుభ్రంగా మేసిన గుర్రం రాత్రి డొక్కవైపు తిరిగి తిరిగి చూస్తూ, ముందుకాలితో నేల గోకుతూ, చెమటతో తడిసిపోయి దొర్లుతుందంటే ఇలాంటిదే జరిగి ఉండవచ్చు. వెంటనే పొట్ట తెరిచి ఆపరేషన్ చేస్తే తప్ప అది విడదు. పాతికేళ్ల గుర్రానికి ఆ ఆపరేషన్, దాని తర్వాత కోలుకోవడం ఎంత కష్టమో డాక్టర్లే చెబుతారు. ఆ గడ్డ బయటి నుంచి చూస్తే తెలియదు. నిన్న ఎందుకు గమనించలేదని తనను తాను నిందించుకునే మనిషికి గమనించడానికి నిన్న ఏమీ లేదని ఎవరైనా చెప్పాలి.

మరో ముసలితనపు జబ్బు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిది. వేసవి వచ్చినా రాలని పొడుగాటి వంకీల జుట్టు దీనికి గుర్తు. ఇది ఉన్న గుర్రానికి గిట్ట లోపలి పొరలు వాచి, గిట్టకూ దానిలోని ఎముకకూ మధ్య పట్టు సడలే లామినైటిస్ రావచ్చు. నేల మీద మోపే ప్రతి అడుగూ నొప్పే. అమెరికా రేసు గుర్రం సెక్రటేరియట్‌ను 19 ఏళ్ల వయసులో, 1989లో, ఈ లామినైటిస్ వల్లనే సూది వేసి పంపించారు. ప్రపంచంలోకెల్లా మంచి వైద్యం అందుబాటులో ఉన్న గుర్రమది.

ఇన్ని జరుగుతున్నా గుర్రం మూలగదు. పులికో తోడేలుకో ఆహారమయ్యే జంతువు నొప్పిని బయటపెట్టకుండా ఉండటానికి అలవాటుపడింది. 2014లో పరిశోధకులు గుర్రం ముఖంలో నొప్పిని చదవడానికి ఒక కొలమానం తయారుచేశారు. బిగుసుకుని వెనక్కి తిరిగిన చెవులు, సగం మూసిన కన్ను, కంటి పైన బిగువు, దవడ కండరం ఉబ్బడం, బిగబట్టిన పెదవులు, బిగుసుకున్న ముక్కుపుటాలు. ఆరు గుర్తులు. మనిషి ఎన్నేళ్లు కలిసి ఉన్నా వీటిని విడివిడిగా గమనించడు. రోజూ చూసే ముఖంలో కొద్దికొద్దిగా వచ్చే మార్పు కంటికి ఆనదు. అందుకే ముసలి గుర్రం ఉన్నవాళ్లు క్యాలెండరులో రోజుకో గుర్తు పెట్టుకోవడం మంచిది. మంచి రోజు, చెడ్డ రోజు. పడుకుందా, తనంతట తానే లేచిందా, బకెట్ చప్పుడుకి చెవులు నిక్కించిందా. చెడ్డ రోజులే ఎక్కువయ్యాయని ఆ కాగితం చెప్పినప్పుడు, అప్పుడు తీసుకున్న నిర్ణయం తర్వాత ఎవరు అడిగినా నిలబడుతుంది. మనసు అడిగినా నిలబడుతుంది.

నిర్ణయం అన్నానుగానీ, మన ఇళ్లలో అసలు గొడవ అక్కడే. చేతులారా పెంచినదాన్ని చంపించడం పాపం కాదా అని పెద్దవాళ్లు అంటారు. ఆ మాట తీసిపారేయాల్సింది కాదు. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ కాలు విరిగి, పుండ్లు పడి, పక్క కూడా మార్చుకోలేక తీసుకుంది. చేయగలిగిన వైద్యమంతా అయ్యాక గాంధీ డాక్టర్ని పిలిపించి తన ఎదుటే దానికి విషపు ఇంజెక్షన్ ఇప్పించాడు. రెండు నిమిషాల్లోపే అయిపోయింది. ఆయన దాన్ని దాచుకోలేదు. తన పత్రికల్లో రాశాడు. దేశమంతటి నుంచీ కోపంతో ఉత్తరాలు వచ్చిపడ్డాయి. బాధ తప్పించే దారి ఇంకేదీ లేనప్పుడు, తన స్వార్థం ఏమీ లేకుండా, ఆ ప్రాణి మేలు కోరి చేసినది హింస కాదని ఆయన చివరిదాకా వాదించాడు. అహింసను అంత పట్టుగా పట్టుకున్న మనిషే ఈ దారిన నడిచాడంటే, ముసలి గుర్రానికి సూది వేయించిన రైతునో బారాత్ బండివాణ్ణో తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదని నేను అనుకుంటాను. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 13వ సెక్షన్ కూడా బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితి ఒకటుందని ఒప్పుకుంది.

డబ్బు గురించి కూడా దాపరికం లేకుండా మాట్లాడాలి. వైద్యం మాన్పించడానికి డబ్బే కారణమైందని కుమిలిపోయేవాళ్లు చాలామంది. వేలకు వేలు అప్పు చేసినా ఇంకో పది రోజుల నొప్పే దక్కేటప్పుడు ఆ అప్పు చేయకపోవడం ద్రోహం కాదు.

నిర్ణయించే అవకాశమే ఉండని చావూ ఒకటుంది. గ్లాండర్స్ అనే అంటువ్యాధి గుర్రాల నుంచి మనుషులకూ సోకుతుంది. పరీక్షలో అది తేలితే 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం ఆ గుర్రాన్ని చంపి పూడ్చాల్సిందే. పైకి ఆరోగ్యంగానే కనిపించే గుర్రాన్ని అలా అప్పగించాల్సి వచ్చినవాళ్ల బాధ వేరు. దానిలో కోపం పాలు ఎక్కువ. ఆ కోపానికి చోటివ్వాలి.

ఆ రోజు ఏం జరుగుతుందో ముందే తెలిసినవాళ్లు తర్వాత తక్కువ భయపడతారు. డాక్టరు మొదట మత్తు ఇస్తాడు. తల వాలుతుంది. తర్వాత మెడలోని పెద్ద సిరలోకి మందు ఎక్కిస్తాడు. కొద్ది సెకన్లలో గుర్రం కూలిపోతుంది, బరువైన శరీరం కాబట్టి పెద్ద చప్పుడుతో. ఆ వెంటనే ఒకటి రెండు పెద్ద ఊపిరులు రావచ్చు, చర్మం కింద కండరాలు అదరవచ్చు, కళ్లు తెరిచే ఉంటాయి. ప్రాణం ఇంకా పోలేదేమో, నొప్పి తెలుస్తోందేమో అని గుండె జారిపోయేది అప్పుడే. తెలివి అప్పటికే పోయింది. ఆ ఊపిరులు శరీరం తనంతట తాను చేసేవి. డాక్టరు కంటిపొరను తాకి చూసి, గుండె చప్పుడు ఆగిందని విని అప్పుడు చెబుతాడు. ఆ సమయంలో పక్కన నిలబడాలా వద్దా అన్నది ఎవరి మనసు వారిది. నిలబడలేకపోవడం ప్రేమ తక్కువై కాదు. ఇన్నాళ్లూ కళ్లెం పట్టుకున్న మనిషి మాత్రం మొదటి సూది దాకా ఉంటే గుర్రం కంగారుపడకుండా ఉంటుంది. పల్లెల్లో డాక్టరు అందుబాటులో లేకపోతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

తర్వాత శవం. దుఃఖంలో ఉన్నప్పుడు ఎవరికీ తోచని, తప్పించుకోలేని పని ఇది. జేసీబీ కావాలి, బావికీ చెరువుకూ దూరంగా జాగా కావాలి, లోతైన గొయ్యి కావాలి, పైన సున్నం చల్లాలి. సూదితో పోయిన గుర్రాన్ని బయట పడేస్తే ఆ మందు శవంలో మిగిలే ఉంటుంది. దాన్ని తిన్న కుక్కలూ రాబందులూ చస్తాయి. ఈ ఏర్పాట్లు ముందురోజే ఇంకొకరికి అప్పజెప్పడం మంచిది. పక్కింటివాళ్లు చేయగల అసలైన సాయం ఇదే. జూలులోంచో తోకలోంచో కాసిని వెంట్రుకలు, ఒక లాడం తీసి ఉంచాలనుకుంటే గొయ్యిలో దించకముందే యజమానిని అడిగి తీయాలి. వాటర్లూ యుద్ధంలో వెల్లింగ్టన్ ఎక్కిన కోపెన్‌హాగన్ 28 ఏళ్ల వయసులో 1836లో చనిపోయింది. సైనిక లాంఛనాలతో పూడ్చారు. దాని గిట్ట ఒకటి ఎవరో కోసుకుపోయారని తెలిసి అంతటి సేనాని మండిపడ్డాడట.

సాలలో ఇంకో గుర్రం ఉంటే దాన్ని మరచిపోకండి. ఏళ్ల తరబడి పక్క గాటన ఉన్న తోడు కనిపించకుండా పోతే అది సకిలిస్తూ, కంచె వెంట అటూ ఇటూ తిరుగుతూ, మేత ముట్టకుండా ఉండిపోతుంది. వీలైతే శవాన్ని కాసేపు చూడనివ్వమని, వాసన చూడనివ్వమని అనుభవజ్ఞులు చెబుతారు. కొన్ని ముక్కుతో తాకి, చుట్టూ తిరిగి, తర్వాత మేతకు వెళ్లిపోతాయి. పూర్తిగా మేత మానేస్తే మాత్రం ఆగకూడదు. గుర్రం కడుపు ఖాళీగా ఉండటం దానికే ప్రమాదం.

ఇక మనుషులు. లోకం గుర్తించని దుఃఖం ఒకటుందని అమెరికా పండితుడు కెన్నెత్ డోకా 1989లో సిద్ధాంతీకరించాడు. పదో రోజు ఉండదు, సెలవు ఉండదు, పలకరింపు ఉండదు. జంతువు కోసం ఏడ్చేవాళ్లది అలాంటి దుఃఖమే. వాళ్లలోనూ గుర్రం బాగోగులు చూసే సైసుది మరీ అన్యాయం. యజమాని ఇంటికి నలుగురు వెళ్తారు, సైసును పలకరించేవాడు ఉండడు. పైగా మర్నాటి నుంచి అతనికి పనీ ఉండదు. ఈ సంగతి మన నేలకు కొత్త కాదు. సిద్ధార్థుడు తన గుర్రం కంథకాన్ని ఎక్కి ఇల్లు విడిచే ఘట్టాన్ని అమరావతి శిల్పులు రాతిలో చెక్కారు. జాతక నిదాన కథలో ఆ తర్వాత కంథకం ప్రాణం విడుస్తుంది. దాని బాగోగులు చూసిన చన్నుడు రాకుమారుడి కోసం ఒక దుఃఖం, గుర్రం కోసం రెండో దుఃఖం మోస్తూ ఏడుస్తూ ఊరికి తిరిగి వెళ్తాడు. ఆ రెండో దుఃఖాన్ని కథ చెప్పినవాడు విడిగా లెక్కపెట్టాడు. మనం కూడా లెక్కపెట్టాలి.

దుఃఖానికి అయిదు మెట్లు ఉంటాయని, వరుసగా ఎక్కాలని చాలామంది నమ్ముతారు. ఎలిజబెత్ కూబ్లర్ రాస్ 1969లో ఆ అయిదింటినీ రాసింది తమకు చావు దగ్గరపడిందని తెలిసిన రోగుల గురించి. వెనక మిగిలినవాళ్లకు అలాంటి వరుసేమీ లేదు. 1999లో స్ట్రోబ్, షుట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పింది అనుభవానికి ఎక్కువ దగ్గరగా ఉంటుంది. మనిషి కాసేపు పోయినదాని కోసం ఏడుస్తాడు, కాసేపు ఉన్న పనుల్లో పడతాడు, మళ్లీ ఏడుపులోకి వెళ్తాడు. ఈ రాకపోకలే కోలుకోవడం. పొద్దున నవ్వి సాయంత్రం ఏడ్చినంత మాత్రాన ఎక్కడో తప్పు జరిగినట్టు కాదు.

గుర్రం పోయిన ఇంట్లో ఈ రాకపోకలు గడియారాన్ని బట్టి వస్తాయి. తెల్లవారుజామున అయిదింటికి మెలకువ వస్తుంది, గడ్డి వేయాల్సిన పని లేదు. మధ్యాహ్నం నీళ్లు, సాయంత్రం మాలీసు, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి సాలలోకి తొంగి చూడటం. ఇన్నేళ్లూ ఒళ్లు అలవాటుపడ్డ పనులు ఒక్కరోజులో ఆగిపోతే చేతులకు ఏం చేయాలో తెలియదు. కొన్నాళ్లు ఆ వేళలకే వేరే పని పెట్టుకోవడం ఉపయోగపడుతుంది. నడవచ్చు, సాల శుభ్రం చేయవచ్చు, తెలిసినవాళ్ల గుర్రానికి మేత వేసి రావచ్చు. జీనూ కళ్లేలూ వెంటనే అమ్మేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అలాగని అక్కడే ఏళ్ల తరబడి దుమ్ముపట్టనివ్వాలనీ లేదు. పిల్లలకు మాత్రం గుర్రం ఎక్కడికో వెళ్లిందని చెప్పకూడదు. చిన్నపిల్లలు గేటు దగ్గర ఎదురుచూస్తూ కూర్చుంటారు. చచ్చిపోయిందని చెప్పాలి, ఎందుకు చచ్చిపోయిందో వాళ్లకు తెలిసే మాటల్లో చెప్పాలి. నిద్ర, తిండి వారాల తరబడి కుదుటపడకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా టెలి మానస్ 14416కు ఫోన్ చేసి మాట్లాడాలి. గుర్రం కోసం ఫోన్ చేశానని చెప్పడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

ఇంకో గుర్రాన్ని తేవాలా అన్నది అందరికీ ఒకే జవాబున్న ప్రశ్న కాదు. గుర్రం మీద బతికేవాళ్లకు ఎంపిక తక్కువ. పెళ్లిళ్ల సీజన్ రాకముందే ఇంకోటి కొనాలి. అందుకు వాళ్లు సిగ్గుపడాల్సింది లేదు. కొత్త గుర్రాన్ని పాత పేరుతో పిలవకుండా ఉంటే చాలు. ముచ్చటకు పెంచుకునేవాళ్లు మాత్రం ఆగి ఆలోచించుకోవచ్చు. ఇంగ్లండు రాణి రెండో ఎలిజబెత్‌కు 1969లో కెనడా పోలీసులు బర్మీస్ అనే నల్ల ఆడగుర్రాన్ని ఇచ్చారు. ఏటా జరిగే పుట్టినరోజు కవాతుకు ఆమె 18 ఏళ్లు వరసగా దాని మీదే వెళ్లింది. 1986 కవాతు తర్వాత దానికి విశ్రాంతినిచ్చారు, 1990లో అది చనిపోయింది. రాజాశ్వశాలలో గుర్రాలకు కొదవ లేకపోయినా, బర్మీస్‌ను దించాక ఆమె ఆ కవాతుకు మరో గుర్రం ఎక్కలేదు. గుర్రబ్బగ్గీలో వెళ్లింది. అయితే స్వారీ మానలేదు. తొంభై నాలుగేళ్ల వయసులో, 2020లో కూడా విండ్సర్‌లో తన పొట్టి గుర్రం మీద కనిపించింది.